బీరమ్మ అడగకూడని ప్రశ్న

నారాయణపేట పక్క మా ఊళ్లో గొర్రెలు కాసే బీరమ్మది పాడు అలవాటు. ఎవరు ఎవరింట్లో నీళ్లు తాగరు, ఏ కోడలు అలిగి పుట్టింటికి పోయింది, అన్నీ ఆరా తీసేది. పనిలేని పెత్తనమని ఊరంతా తిట్టిపోసేది.

1962లో హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చి ఇంటింటా అవే అడిగాడు. దాని పేరు సమాజశాస్త్రమట! ఇంకేం, ఊరు కుర్చీ వేసి, చాయ్ పోసి, అత్తాకోడళ్ల సిగపట్ల దాకా పూసగుచ్చినట్టు చెప్పింది.

సారు బయలుదేరే రోజు బీరమ్మ ఊరుకుందా?

"సారూ, మీ ఇంటామె ఎన్నడన్న అలిగి పుట్టింటికి పోయిందా?"

సారు ముఖం కందగడ్డయింది. "అవి మా సొంత విషయాలమ్మా, అడగకూడదు."

"గట్లనా! మరి మేం చెప్పినయి ఎవరి సొంతం సారూ?"