టీ కొట్టు దగ్గర దిగడం

నాకు బండి నడపడం రాదు. ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే వర్క్‌షాపులో స్పేర్‌పార్టుల స్టోరు చూసేవాడు ఈ మాట పైకి అనలేడు. అక్కడ టీ తెచ్చే ముసలాయన కూడా మోపెడ్ మీదే వస్తాడు. అందుకే నాకు వెన్నునొప్పి అనీ, డాక్టరు బండి తోలొద్దన్నాడనీ, ఆటోలో వస్తాననీ చెప్పుకున్నాను. నిజానికి కూర్మన్నపాలెం నుంచి నా భార్య స్కూటీ మీద తెస్తుంది. మధ్యలో పాప, వెనక నేను. వర్క్‌షాపు సందుకు ముందు ఒక టీ కొట్టుంది. అక్కడ దిగి నడిచిపోతాను. వాళ్ళిద్దరూ స్కూలు వైపు వెళ్ళిపోతారు.

నేర్చుకోలేదా అంటే, నేర్చుకున్నాను. పెళ్ళయిన కొత్తలో మా బావమరిది పంతం పట్టి పొద్దున్నే గ్రౌండుకు లాక్కెళ్ళేవాడు. క్లచ్, గేరు, బ్రేకు అన్నీ నాకు కంఠతా వచ్చు. ఎవరైనా అడిగితే పాఠం చెప్పగలను. చేతులూ కాళ్ళూ మాత్రం ఆ పాఠం వినవు. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి వదిలేస్తాను.

"బావా, నువ్ ఆలోసించకు. సెయ్యే సూసుకుంటాది" అనేవాడు.

నా చెయ్యి ఏనాడూ ఏదీ చూసుకోలేదు. నిన్న వచ్చినట్టే ఉన్నది ఇవాళ మళ్ళీ మొదటికొచ్చేది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. చివరికి తీసుకెళ్ళి గోడకు గుద్దాను. అతను బండి లేపి తుడుచుకున్నాడు. నవ్వినా బాగుండేది.

మా పాప పెద్ద క్లాసులకొచ్చింది గానీ బూటు లేసు కట్టుకోవడం ఇంకా రాదు. వరస తప్పకుండా నోటితో చెబుతుంది, వేళ్ళు మాత్రం ముడి మధ్యలో ఆగిపోతాయి. చదువులో చురుకే. బద్ధకమని నేనే ఎన్నోసార్లు కసిరాను. నా లోపం నా కళ్ళ ముందే కూర్చుని లేసుతో కుస్తీ పడుతుంటే కోపం రాక ఏమొస్తుంది?

స్కూలువాళ్ళు చెబితే మొన్నీమధ్య గోపాలపట్నంలో ఒక థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పాప చేత పూసలు గుచ్చించింది, బంతి పట్టించింది. ఇది తెలివికి సంబంధించింది కాదంది. మామూలుగా ఏ పనైనా చూస్తూ చేస్తూ ఉంటే, తెలియకుండానే ఒంటికి అలవాటైపోతుందట. కొందరికి పుట్టుకతోనే ఆ అలవాటు పడడం కష్టమట. ఎప్పుడు చేసినా కొత్త పనే, ఆలోచించే చేయాలి. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, రోజూ ఒకే తీరులో, విసుక్కోకుండా నేర్పమంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని కూడా అడిగింది. నా భార్య నా వైపు చూసింది. పాప కూడా చూసింది.

"లేదండీ" అన్నాను.

ఆ తరవాత ఒకరోజు వర్క్‌షాపు ఆలస్యంగా తెరుస్తారని తెలిసి, నేనూ స్కూలు దాకా వెళ్ళాను. గేటుకు ఇంకా చాలా దూరం ఉండగానే జెరాక్స్ షాపు పక్కన బండి ఆగింది. పాప దిగి, ఊడిన లేసున్న కాలు స్కూటీ మీద పెట్టింది. వాళ్ళమ్మ అటూ ఇటూ చూసి, గబగబా ముడేసింది. ఇది వాళ్ళకు రోజూ ఉండేదేనని చూస్తేనే తెలిసింది. ఇక్కడెందుకని అడిగాను.

"గేటు కాడైతే అందరూ సూత్తారు నాన్నా. నువ్వూ టీ కొట్టు కాడే దిగిపోతావు కదా" అంది పాప.

గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఎంత చూసినా ఏ పనీ పట్టుబడని పిల్ల, దాక్కోవడం ఒక్కటి నన్ను చూసి నేర్చుకుంది.

ఇవాళ గేటు దాకా వెళ్ళి తీరాలనుకునే మర్నాడు బయల్దేరాను. దారంతా అదే అనుకున్నాను. టీ కొట్టు దగ్గర అలవాటు కొద్దీ నా భార్య బ్రేకు వేసింది. నోరు తెరిచి పోనిమ్మని చెప్పేలోగా నా కాళ్ళు నేల మీదున్నాయి. ఈ ఒంటికి ఆలోచన లేకుండా వచ్చిన పని ఇదొక్కటే.

పాప వెనక్కి తిరిగి చూస్తోంది. టీ కొట్టు ముందు మా మెకానిక్కులిద్దరు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళు చూస్తుండగానే, మొహం మండిపోతుండగా, మళ్ళీ వెనక ఎక్కాను.

పాప ముందుకు జరిగి చోటిచ్చింది.