చిలక మింగిన పేరు

ఈ ఉదయం మా ఆవిడ గ్యాస్ బండ అయిపోయింది, మార్చమంటే అలవాటు కొద్దీ పంచాంగం తీశాను. "బండ మార్చడానిక్కూడా వర్జ్యం చూస్తారేమిటండీ?" అంది. తీసినదాన్ని అలాగే మూసేశాను. వేళాకోళానికి అన్న మాటే, కానీ నా మనసంతా చేదైపోయింది. కిందటేడు ఇలాగే పంచాంగం పట్టుకుని నేను వెలగబెట్టిన నిర్వాకం ఆవిడకీ తెలుసు. నాలిక్కరుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా అన్నయ్య ఘనపాఠి. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో, ఇంటి అరుగు మీద ముప్పై ఏళ్ళు పిల్లలకి వేదం సంత చెప్పాడు. తాను ఒకసారి అనడం, శిష్యులు రెండుసార్లు అనడం, అదీ పద్ధతి. కాగితం చూసి చదివేవాడంటే ఆయనకి చులకన, యంత్రంలో పట్టేవాడంటే మరీ చులకన. రాజమండ్రి నుంచి ఎవరో ఆయన గొంతు రికార్డు చేసుకుంటామని వస్తే, మజ్జిగ ఇచ్చి సాగనంపాడు. "చెవొగ్గి కూర్చునేవాడికి చెప్తాను గానీ డబ్బాకి చెప్పనండీ" అన్నాడు. ఎదురుగా ఎవరైనా సెల్‌ఫోన్ తీస్తే చాలు, నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకునేవాడు. నేను లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. వేదం నాకు అంటలేదు. పంచాంగం మాత్రం జిడ్డులా అంటుకుంది.

అలాంటి మనిషిని ఒక ఆటబొమ్మ బోల్తా కొట్టించింది. ఆయనకి లేక లేక పుట్టిన కూతురికి, అది ఏడో తరగతిలో ఉండగా, మేనమామ హైదరాబాదు నుంచి ఒక వీడియోగేమ్ తెచ్చిచ్చాడు. కళ్ళజోడు పెట్టెలా తెరుచుకుంటుంది, పైనొక తెర, కిందొక తెర. అందులో ఒక చిలక. మనం పది సెకన్లు మాట్లాడితే ఉన్న గొంతు ఉన్నట్టే లోపల దాచుకుని, పైకి మాత్రం కీచుగొంతుతో తిరిగి అప్పచెప్పేది. అన్నయ్య దాన్ని రికార్డు అనుకోలేదు, శిష్యుడనుకున్నాడు. "స్వరం తప్పింది వెధవా, మళ్ళీ చెప్పు" అని కోప్పడేవాడు. ఆ తిట్టు కూడా అది భద్రంగా దాచుకునేది.

ఒకనాడు భోజనాలయ్యాక మేం ముగ్గురం వసారాలో కూర్చుని ఉండగా, "నాన్నా, చిలక్కి అమ్మ పేరు నేర్పు" అంది కూతురు. మా ఇళ్ళల్లో మా తరం మగవాళ్ళు భార్యని పేరు పెట్టి పిలవరు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన సంసారం "ఏమేవ్" తోనే గడిచింది. ఆయన నావంక చూశాడు, వంటింటి వంక చూశాడు, బొమ్మని నోటి దగ్గరికి తీసుకుని మా వదిన పేరు నెమ్మదిగా అన్నాడు. లోపల గిన్నెలు సర్దుతున్న వదినకి అది వినబడలేదు. చిలక కీచుమన్నదే వినబడింది. "ఎవరే, నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు?" అంటూ ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చేసరికి, అన్నయ్య దండెం మీద తువ్వాలు అందుకుని పెరట్లోకి నడిచేశాడు. ఆ తర్వాత అది వినిపించమని అడగడానికి ఆవిడకీ సిగ్గే.

అన్నయ్య పోయిన రెండేళ్ళకి, కిందటేడు, వదిన తలెత్తకుండా నన్ను అడిగింది. "మరిదిగారూ, ఆ బొమ్మలో ఆయన గొంతుంది కదండీ. నా పేరన్నది ఒక్కసారి వినిపిస్తారా?" అమలాపురంలో కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మా అన్నయ్య కూతురు బొమ్మని అటక మీంచి దింపింది. కారే పెంకుల కింద ఎన్ని వానలు తాగిందో. ఛార్జింగ్ పెడితే తెర వెలిగింది, చిలక ముక్కు ఆడించింది, శబ్దం మాత్రం లేదు. అమలాపురంలో రిపేరు చేసేవాడు విప్పి చూసి, "బోర్డు మీద సౌండు ముక్కే పోయిందండి. ఆయ్, ఇది మన వల్ల కాదండి" అని తేల్చేశాడు.

అప్పుడు అన్నయ్య కూతురే ఇంకో దారి చెప్పింది. ఎక్కడెక్కడో ఊరికే కూర్చోలేని వాళ్ళు ఇలాంటి బొమ్మలకి సొంతంగా ప్రోగ్రాములు రాసి పెడతారట. కంపెనీ వేసిన తాళం తీసేస్తే అవి ఇందులో నడుస్తాయి. పుస్తకాలు చదువుకోవచ్చు, సొంత ఆటలు కట్టుకోవచ్చు, లోపల బందీ అయిన గొంతుని ఫోనులోకి తెచ్చుకోవచ్చు. "తేడా వస్తే మాత్రం ఇటుకైపోతుంది బాబాయ్, ఇక వెలగదు. కంపెనీ వాళ్ళనీ అడగలేం. అందుకని ముందు లోపలున్నదంతా కార్డులోకి నకలు తీసుకోవాలి. అదుంటే భయం లేదు" అంది.

ఆదివారం పెట్టుకున్నాం. బస్సు ఆలస్యమై ఆ పిల్ల వచ్చేసరికి పదిన్నర. పదకొండుంబావుకి వర్జ్యం. నకలుకి గంట పైనే పడుతుందంది. "నకలు తరవాత తీద్దువుగాని, ముందు తాళం సంగతి చూడమ్మా" అన్నాను. "ముందే తీయాలి బాబాయ్." "మీ నాన్నుంటే వర్జ్యంలో చెయ్యనిచ్చేవాడా?" అన్నాను. ఆ మాటతో దాని నోరు కట్టేశాను. నకలు మొదలెట్టినా పని మొదలెట్టినట్టే కదా అని ఇప్పుడు తోస్తోంది. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన బుర్రకి ఆ పూట తోచలేదు.

పదకొండింటికి మీట నొక్కింది. వదిన తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. తెర మీద గీత సగం దాకా పాకి ఆగిపోయింది. పక్కనున్న నీలం దీపం ఒకసారి వెలిగి ఆరింది. రెండు తెరలూ నల్లబడ్డాయి. మళ్ళీ వెలగలేదు. అమ్మాయి నెలల తరబడి ఎందరికో రాసింది, హైదరాబాదు కూడా పట్టుకెళ్ళింది. అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే, నకలు ఉందా అని. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. "నా చేతికే కంగారొచ్చింది బాబాయ్" అని తప్పు తనమీద వేసుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

హైదరాబాదు నుంచి కూడా బొమ్మ అలాగే తిరిగొచ్చాక వదినని చూడ్డానికి వెళ్ళాను. "పోయిందాన్ని ఏం చేస్తాం గానీ, మీరు ఆవేళ అక్కడే ఉన్నారు కదండీ. ఆయన ఎలా అన్నారో అలాగే ఒకసారి అనండి, నాకు చాలు" అంది. అన్న భార్య తల్లితో సమానం, ఆవిడ పేరు నా నోట ఏనాడూ రాలేదు. అయినా ఆ మొహం చూశాక ఆచారం పక్కన పెట్టి అనేద్దామనే నోరు తెరిచాను. ఆయన వేళ్ళు గుర్తున్నాయి, వంటింటి వైపు దొంగచూపు గుర్తుంది, భుజం మీద వేసుకున్న తువ్వాలు గుర్తుంది. గొంతు లేదు. ఎంత తడుముకున్నా ఆ చిలక కీచుగొంతే వస్తోంది. వదిన "పోనీలెండి, కూర్చోండి" అని మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది.

బొమ్మలో పోగొట్టానని ఏడాదిగా కుములుతున్నాను గానీ, కాలం అంతకు ముందే నా చెవుల్లోంచి మా అన్నయ్యని తీసుకుపోయింది, ఏనాడు తీసుకుపోయిందో నాకు తెలియనైనా తెలియలేదు.