చెయ్యి తగలని గంట

మేముండే ఉధ్నాలో బట్టలు నేసే సాంచెలు బాగుచేసే మా తమ్ముడు కరోనా భయంతో మా దేవుడి గంటకు చెయ్యి ఊపితే మోగే సెన్సర్ బిగించాడు. ఆసుపత్రిలో ఉన్న చెల్లెలి కోసం ఈ పొద్దున నేను జపానికి కూర్చుంటే, దీపం ఊగినా మోగింది, పూస జరిపినా మోగింది. జపం సాగితే ఒట్టు.

"ఏందిరా ఈ లొల్లి?"

"చెయ్యి పెట్టే పనే లేదక్కా! మందిర్లల్ల గిట్లనే పెడుతున్రు."

"మందిర్‌కు ఊరంత వస్తదిరా. ఈ ఇంట్ల మనిద్దరమే గద!"

"అయితే జపం లెక్కవెట్టే మిషన్ గూడ చేస్తనక్కా."

వాడి మనసు నొచ్చుకుంటుందని గంట తీయించలేదు. ఆ సెన్సర్ కంటికే మాస్కు కట్టి జపం ముగించాను.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "హారతి గంట వినిపియ్యక్కా, పాణం కొట్టుకుంటుంది" అంది. మాస్కు విప్పి చెయ్యి ఊపాను. కరెంటు లేదు. చివరికి తమ్ముడే చేత్తో కొట్టాడు, ఆమె చాలనేదాకా.

మీ ఇళ్లల్లోనూ ఉన్నారా ఇట్లాంటి ఇంజనీర్లు?