ఉసాంబరా కొండల్లో తవ్వని బావి

టాంజానియా వెళ్ళొచ్చానంటే అందరూ సింహాల గురించే అడుగుతారు. నేను వెళ్ళింది ఒక బావి కోసం. తొంభైల నడుమ బహ్రెయిన్‌లో, తుబ్లీలోని ఒక వర్క్‌షాపులో స్టోరు గుమస్తాగా పనిచేసేవాణ్ణి. ఆ ఏడు మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి మమ్మల్ని తెచ్చుకున్న వర్క్‌షాపు యజమానికి, తల్లి పోయింది. ఆవిడ పేరిట నీళ్ళకు ఇబ్బందిపడే చోట బావి తవ్వించాలని ఆయన అనుకున్నాడు. తెలిసిన వ్యాపారి ఒకాయన టాంజానియాలో, ఉసాంబరా కొండల మీది లుషోటో జిల్లాలో ఒక ఊరు చెప్పాడు. ఇంగ్లీషు వచ్చని నన్ను, బావుల పని తెలుసని మా వర్క్‌షాపు మేస్త్రీ లింగయ్యను పంపారు. లింగయ్యది జగిత్యాల వైపు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి నీళ్ళ జాడ చెప్పడంలో పేరున్నవాడట. కాకినాడవాణ్ణి, నాకు అలాంటివాటి మీద నమ్మకం తక్కువ. "ఒక్క బావి. రాతి మీద అమ్మ పేరు. ఒక ఫొటో. ఖలాస్" అన్నాడు కఫీల్.

దారెస్సలాంలో ఉదయం ఆరింటికి బస్సెక్కాం. టిక్కెట్టు మనిషికి రెండు దినార్ల లోపే. ఆరు గంటలపాటు మైదానాలు, కిత్తనార తోటలు. మొంబో దగ్గర చాయ్, చపాతీ. వాళ్ళు కూడా చపాతీ అనే అంటారని తెలిసి లింగయ్య మరో రెండు తిన్నాడు. అక్కడ పెద్దరోడ్డు వదిలేస్తే ముప్పై చిల్లర కిలోమీటర్ల కొండదారికి గంటన్నర పట్టింది. ఆ మలుపుల్లో లింగయ్య కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. పైకి వెళ్ళాక చూస్తే కొన్ని కొండలు గుండు గీసినట్టు బోడిగా, ఎర్రటి గాట్లతో ఉన్నాయి. కొన్ని మాత్రం మెట్లుమెట్లుగా, ప్రతి మెట్టు అంచునా గడ్డితో, అరటితో పచ్చగా ఉన్నాయి. లుషోటోలో మాట్లాడుకున్న జీపు డ్రైవర్ జుమా సంగతి చెప్పాడు. కలప కోసం, పొలాల కోసం అడవి కొట్టేశారు. వానలకు మట్టి జారిపోయింది, ఊటలు ఎండాయి. ఇప్పుడు ఊళ్ళవాళ్ళే మెట్లు కట్టి చెట్లు పెంచుతున్నారు.

చీకటి పడేలోపు ఆ ఊరు చేరాం. మర్నాడు ఉదయం ఏడింటికి లింగయ్య కొబ్బరికాయతో బయల్దేరాడు. ఊరంతా నవ్వుతూ వెంట నడిచింది. మసీదు దగ్గర, రోడ్డు పక్కనే కాయ నిటారుగా లేచింది. ఫొటోకు కూడా బాగుంటుందని లోపల సంతోషించాను. ఇంతలో అందరూ బీబీ అని పిలిచే ఒక ముసలావిడ వచ్చి, లింగయ్య చెయ్యి పట్టుకుని వాలు కిందికి లాక్కుపోయింది. మెట్ల పొలాల కింద ఒక బండ, దాని అడుగున తడి మట్టి. ఆవిడ మాటలు జుమా చెప్పాడు: "నేను కోడలిగా వచ్చినప్పుడు ఇక్కడ ఊట ఉండేది. అడవి పోయాక ఎండింది. పైన మెట్లు కట్టాక, రెండేళ్ళ నుంచి మళ్ళీ చెమ్మ వస్తోంది."

లింగయ్య గడ్డపారతో బండ కింద మట్టి తీశాడు. కాసేపటికి సన్నగా నీళ్ళు ఊరాయి.

"పైన బాయి తవ్వితె ఇది సస్తది సార్."

"మరి నీ కొబ్బరికాయ లేచిందిగా?" అని ఎత్తిపొడిచాను.

"లేసింది. మా ఊళ్ళె గూడ లేసింది. నేను సూపిచ్చిన కాడల్ల బోర్లేసిండ్రు. రెండేండ్లల్ల పాత బాయిలన్ని ఎండినయి, మా నాయిన బాయి గూడ. గందుకే గల్ఫుకు వచ్చిన. మల్ల ఆ పాపం నాతోని కాదు."

నాకు సిగ్గేసింది. ఆ వెంటనే భయమూ వేసింది. "బావి లేకుండా వెళ్తే కఫీల్ ఊరుకుంటాడా?"

"ఊకోకుంటె ఇంటికి తోల్తడు. తోలనియ్యి."

తొమ్మిది రోజులు ఊరివాళ్ళతో కలిసి బండ కింద రాతిగోడ, చిన్న తొట్టి కట్టి, గొట్టం బిగించాం. గోడ రాతి మీద కఫీల్ తల్లి పేరు చెక్కించి ఫొటో తీశాను. అంతవరకు నీళ్ళ కోసం ఆ ఊరి ఆడవాళ్ళు గంటసేపు లోయలోకి దిగేవారు. మొదటి బిందె నిండేసరికి బీబీ లింగయ్య తల మీద ఇన్ని నీళ్ళు చిలకరించింది.

బహ్రెయిన్ తిరిగొచ్చాక, బుసైతీన్‌లోని కఫీల్ ఇంటికి వెళ్ళి ఆయనకు ఫొటో ఇచ్చాను. "బావి ఏది?" అన్నాడు. లింగయ్య వచ్చీరాని హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కఫీల్ ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. "మా అమ్మ చిన్నతనమంతా మా తోటలోని ఊటలో ఆడుకుంది. చుట్టూ అందరూ బోర్లు వేశారు. నేనూ వేశాను. ఊట ఎండినప్పుడు అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు" అన్నాడు. ఫొటో కళ్ళకు అద్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మా ఉద్యోగాల జోలికి రాలేదు.

పోయిన నీళ్ళు తిరిగొస్తాయని ఎవరైనా అంటే అంతకుముందు నేను నవ్వేవాణ్ణి. ఆ కొండల్లో ఒక ఊరు చేతులతో వాటిని వెనక్కి పిలవడం చూశాక నవ్వడం మానేశాను. మీరు వెళ్ళేట్టయితే దారెస్సలాం నుంచి పొద్దున్నే బయల్దేరే బస్సే ఎక్కండి. ఆ మలుపులు పగలే దాటాలి. లింగయ్య మరుసటి ఏడు ఇంటికి వెళ్ళిపోయి, వాళ్ళ నాయిన బావికి ఎగువన వాలంతా రాతికట్టలు వేయడం మొదలుపెట్టాడు. మూడో వానాకాలం వెళ్ళాక నాకు ఒక కార్డు వచ్చింది. అందులో ఉన్నది ఒక్క ముక్కే: "సార్, మా నాయిన బాయిల కప్పలు అరుస్తున్నయి."