చదివింపుల మధ్య మా తాత గిటారు

మా తాత వరహాలు రాక్ గిటారిస్టు. ఈ మాట కాశీబుగ్గ బస్టాండులో చెబితే నవ్వుతారు. మా జలంత్రకోటలో చెబితే ఎవరూ నవ్వరు. వాళ్ళు విన్నారు మరి.

కొబ్బరి తోట, జీడి తోట ఉన్న ఇంట్లో రెండో కొడుకుగా పుట్టినవాడికి పెద్ద పనులేమీ ఉండవు. పిక్కలు ఏరాలి, అన్నయ్య మాట వినాలి. తాత రెండింట్లోనూ తప్పాడు. దాంతో వాళ్ళ నాన్న అతన్ని ఖరగ్‌పూర్‌లో రైల్వే పని చేసే మేనమామ దగ్గరికి పంపాడు. కొన్నాళ్ళకి అక్కడినుంచి ఉద్యోగం కాగితం వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. ఎర్ర గిటారు వచ్చింది, దాని వెనకే తాత వచ్చాడు. రిటైరై ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక ఇంజను డ్రైవరు దాన్ని ఇచ్చాడట. "నా సేతి ఏళ్ళు సూసి ఇచ్చాడు" అంటాడు తాత. మోసుకుపోవడం బరువై ఇచ్చాడని నా అనుమానం.

"ఇదేట్రా?" అన్నాడట వాళ్ళ నాన్న.

"గిటారు నాయినా. దీంతో రాక్ వాయిత్తాను."

"రాకంటే?"

"గట్టిగా వాయించడం."

"గట్టిగా వాయించడానికి మనూళ్ళో డప్పులు నేవేటి?"

పైగా అది కరెంటు గిటారు. అప్పట్లో మా ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో, వచ్చింది ఎంతసేపుంటుందో అమ్మవారికే తెలియాలి.

పలాసలో అప్పలరాజు అని తాత ఈడువాడే ఒకాయన పెళ్ళిళ్ళకి మైకుసెట్టు కట్టేవాడు. ఇద్దరూ కలిసి గిటారు తీగని మైకుసెట్టు ఆంప్లిఫయరులో గుచ్చారు. అది గుర్రుమంది. తాత వాయించినా గుర్రుమనేది, చెయ్యి తీసేస్తే ఇంకా గుర్రుమనేది. జనంలో సగం మంది ఆ గుర్రునే రాక్ అనుకున్నారు, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. ఆ రోజే మా ప్రాంతం పేరుతో 'ఉద్దానం థండర్స్' బ్యాండు పుట్టింది. తాత గిటారు, గానం, రచన. అప్పలరాజు డ్రమ్సు, అంటే ఒక డప్పూ రెండు కిరసనాయిలు డబ్బాలూ. మిగతా సభ్యులు పోస్టరు మీదే ఉండేవారు.

తాత సినిమా పాటలు వాయించనన్నాడు, సొంత పాటలే రాస్తానన్నాడు. రాశాడు కూడా. కొబ్బరికాయ ధర పడిపోయినందుకు ఒకటి, అన్నయ్య మన్మథరావు సర్పంచి అయినందుకు ఒకటి. రెండూ ఏడుపు పాటలే. కానీ అతను ప్రాణం పెట్టి రాసింది మాత్రం హరిశ్చంద్రపురం పాట. తీగలు కొనడానికి మెయిలు రైల్లో విశాఖపట్నం వెళుతూ, రైలు ఆగని ఆ చిన్న స్టేషన్లో కిటికీలోంచి ఒక అమ్మాయిని చూశాడట.

హరిశ్చంద్రపురంలో ఆగదు మెయిలూ
అరచెయ్యి అడ్డెట్టినా ఆగదు రైలూ
రెండు జడల పిల్లా, రెప్పపాటు పిల్లా
నిన్ను చూసేలోపే తిలారు వచ్చేసె...

ఇది మొదటి చరణం. మా ఊరికి వచ్చింది ఈ చరణమొక్కటే.

ఎందుకో చెప్పాలంటే మా సంబరాల సంగతి చెప్పాలి. అమ్మవారి సంబరానికి స్టేజీ కడతారు, రికార్డింగు డాన్సు పెడతారు. డాన్సర్లు చీరలు మార్చుకునే విరామంలో ఉద్దానం థండర్స్‌ని ఎక్కిస్తారు. తాత మొదలుపెడతాడు. రెండో చరణం ఎత్తుకునేలోపు ఎవరో ఒకరు నోటు పట్టుకుని స్టేజీ ఎక్కుతారు. అది చదివింపు. చదివింపు వచ్చిందంటే పాట ఆపాలి. ఇచ్చినవాడి పేరు, తండ్రి పేరు, ఊరు మైకులో చదవాలి, ఆయురారోగ్యాలు కోరాలి, గిటారు మీద ఒక్కసారి ట్రుంయ్‌మనిపించాలి. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాలి. ఆపకపోతే నోటిచ్చినవాడికి అవమానం. ఒకసారి సంతబొమ్మాళిలో తాత పట్టుదలకి పోయి ఆపలేదు. నోటిచ్చినవాడి బావమరుదులు స్టేజీ ఎక్కి, మర్యాదగా వైరు పీకేసి వెళ్ళిపోయారు.

సొంతూళ్ళో అయితే మా పెదతాత మన్మథరావు ఉండనే ఉన్నాడు. ఎలక్షన్లు ఉన్నా లేకపోయినా, ప్రతి పాట మొదట్లోనూ ఆయన పేరు మైకులో పడాలి. ఆయన పేరు పడితే ఎదటి పార్టీవాళ్ళు ఊరుకోరు, అంతకంటే పెద్ద నోటుతో వస్తారు. ఆయన మళ్ళీ లేస్తాడు. ఇలా ఇద్దరూ పోటీపడి తాతని పోషించారు, అతని పాటని చంపేశారు.

"ఒక్కసారి, ఒక్క సారంటే ఒక్కసారి ఆ పాట సివరంటా వాయిత్తే సాలు. తరవాత గిటారు అటకెక్కించేత్తాను," అనేవాడు తాత.

ఆ కోరిక తీరే అవకాశం ఒకసారి వచ్చింది. బరంపురం కాలేజీలో పాటల పోటీ. అక్కడివాళ్ళకి చదివింపుల గొడవ లేదు, చప్పట్లు కొట్టి కూర్చుంటారు. తాత బతుకులో అంత పెద్ద స్టేజీ లేదు. అందుకని గిటారుకి మంచి చెయ్యాలనుకున్నాడు. సముద్రపు గాలికి చెక్క పాడైపోతోందని, చెద పడుతుందని భయం. మా వైపు దూలాలకి, పడవలకి జీడి పిక్క తొక్కల నూనె పూస్తారు. చెద దగ్గరికి రాదు. పడవకి పూసింది గిటారుకి పనికిరాదా అనుకుని, వేళ్ళు నొక్కే కర్ర పొడుగునా దట్టంగా పట్టించాడు.

ఆ నూనె తగిలితే చర్మం ఊడుతుందని ఉద్దానంలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకి ఏదో ఒకటి రాసుకోకుండా కూర్చోరు. అప్పటికి కొత్తగా కాపురానికొచ్చిన మా నాన్నమ్మ దమయంతి చెప్పనే చెప్పింది.

"మావా, ఆముదం రాసుకుని ఎల్లు."

"గిటారు వాయించేవోడు ఆముదం రాసుకుంటాడేటే? నవ్విపోతారు!"

బరంపురంలో ఎవరూ నవ్వలేదు. రెండో చరణం సగంలో తాత వేళ్ళు బొబ్బలెక్కి, మైకులో "ఓలమ్మో" అని కేక పెట్టాడు. పాటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ప్రోత్సాహక బహుమతి కింద స్టీలు గ్లాసు ఇచ్చారు. ఆ గ్లాసుతోనే నాన్నమ్మ చాలాకాలం బియ్యం కొలిచింది.

నాన్నమ్మకి ఆ పాటంటే పడేది కాదు. ఆమెది హరిశ్చంద్రపురమే. "మా ఊళ్ళో రెండు జడలేసుకునేది స్టేషన్ మాస్టరు కూతురొక్కర్తే. నాదెప్పుడూ ఒంటి జడే," అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. తాత ఇంట్లో ఆ పాట ఎత్తుకుంటే వంటింట్లో గిన్నెలు వాటంతటవే కిందపడేవి. మిక్సీ వచ్చాక ఆవిడకి పని సుళువైంది.

"సివరి చరణం దాకా వినవే. అందులో ఉంది సంగతి," అనేవాడు తాత.

"ఏటుందో సెప్పేయరాదూ?"

"సెప్పేత్తే పాటెందుకూ!"

కళాకారుడు కదా, చెప్పడు. ఆవిడ వినదు. వీళ్ళిద్దరూ ఇలాగే పిల్లల్ని పెంచారు, మా నాన్నకి పెళ్ళి చేశారు, తిత్లీ తుఫానుకి పడిపోయిన కొబ్బరి చెట్లకి ఇద్దరూ కలిసి ఏడ్చారు.

పోయినేడు తాతకి కిడ్నీలు పాడయ్యాయని తేలింది. ఉద్దానంలో ఇది వార్త కాదు. పాడవకపోతే వార్త. డాక్టరుగారు చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టే ఫిస్టులా ఆపరేషన్ చెయ్యాలని, డయాలసిస్ సూది దానికే గుచ్చుతారని చెప్పాడు.

"ఎడమ చేతికి చేద్దామండీ. తర్వాత ఆ చేతిమీద బరువు, ఒత్తిడి పడకూడదు. జాగ్రత్తగా చూసుకోవాలి."

"ఎడం సెయ్యి కుదర్దు బావూ. గిటారుకి నొక్కే సెయ్యది. కుడి సెయ్యికి సెయ్యండి."

"కుడిచేత్తో అన్నం తినాలి కదా?"

"సెమ్చా ఉంది. ఎడం సేత్తో తింటాను."

డాక్టరుగారు మా వైపు చూశాడు. నాన్నమ్మ అతనికి దణ్ణం పెట్టి, "ఎడం సేతికే సెయ్యండి. ఆ కుడి సేత్తో ఆయన సేసిన పనేటీ నేదు గాని, ఉండనియ్యండి," అంది. బస్సులో తిరిగి వస్తున్నాం. టెక్కలి దాటాక తాత కిటికీలోంచి చూస్తూ, "అయితే ఆ పాట సివరంటా అవ్వనట్టే," అన్నాడు.

ఆపరేషన్‌కి ముందువారమే మా ఊరి సంబరం వచ్చింది. ఇంకా పొద్దు ఉండగానే తాతని స్టేజీ ఎక్కించారు. అప్పలరాజు దగ్గర ఇప్పుడు ఇల్లంత డీజే బాక్సులున్నాయి. అయినా తాత కోసం పాత ఆంప్లిఫయరు దులిపి తెచ్చాడు. అది వెంటనే గుర్రుమంది.

తాత గిటారు మెళ్ళో వేసుకునే సమయానికి, ఇంతవరకూ ఏ ప్రోగ్రాముకీ రాని మా నాన్నమ్మ చేట పట్టుకుని వచ్చింది. పిక్కలు చెరిగే చేటే. వచ్చి స్టేజీ మెట్ల మీద, దారి మొత్తం ఆక్రమించి కూర్చుంది. తాత మొదటి చరణం ఎత్తుకోగానే, అనుకున్నట్టే, పెదతాత మన్మథరావు పంచె సర్దుకుంటూ నోటుతో లేచాడు.

"అమ్మా దమయంతీ, కాస్త జరుగు."

"సేటలో ఎయ్యండి బావగారూ. పాటయ్యాక పేరు సదువుతారు."

"పాటయ్యాకా? అప్పటికి జనం ఉంటారేటి?"

"ఉండకపోతే నానే ఇంటింటికీ ఎల్లి మీ పేరు సెప్పొత్తాను. ఎయ్యండి."

సర్పంచిగిరీ వెలగబెట్టిన మనిషి నోరు మూసుకుని చేటలో వేశాడు. ఎదటి పార్టీ పెద్దమనిషి కూడా వచ్చాడు, చేటని చూశాడు, ఆవిడ మొహం చూశాడు, వేసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం రెండు పార్టీలూ ఒకే చేటలో పడ్డాయి.

రెండో చరణం వచ్చింది. మా ఊరు మొదటిసారి విన్నది. మూడోది వచ్చింది. వేళ్ళు తీగలు తప్పుతున్నాయి, గొంతు బొంగురుపోయింది, నిజం చెప్పాలంటే పాట అంత గొప్పగా ఏమీ లేదు. కానీ ఆపినవాళ్ళు లేరు. చివరి చరణం వచ్చింది.

రెండు జడల పిల్ల జరిగింది పక్కకీ
వెనకాల ఒంటిజడ వెలిగింది ఎండకీ
జీడి మరకల చేతుల చిన్నదాన నీకై
గొలుసు లాగి దిగిపోయా నీ ఊరిలోన...

నాన్నమ్మ చేట మీదినుంచి తలెత్తలేదు. చెరగడానికి అందులో ఏమీ లేకపోయినా నోట్లని ఒకసారి చెరిగింది.

ఇక పాట ఆగాలి. ఆగలేదు. తాత గిటారు మీద ఒక చుట్టు చుట్టాడు, ఇంకో చుట్టు చుట్టాడు. అప్పలరాజు డబ్బాలు కొడుతూ కళ్ళతో 'ఎప్పుడు?' అని అడుగుతున్నాడు. అప్పుడర్థమైంది నాకు. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు ఆపుతూ వచ్చారు గనక, ఈ పాటని ఎలా ఆపాలో ఈ మహానుభావుడు ఎన్నడూ ఆలోచించలేదు! చదివింపు లేకుండా దిగడం తాతకి రాదు. చెమటలు కారుతున్నాయి. ఎవరైనా నోటిస్తే బాగుండునని జనం వైపు దీనంగా చూస్తున్నాడు. చేటకి భయపడి ఎవరూ కదలడం లేదు. తెర వెనక డాన్సర్లు చీరలు మార్చుకుని, తలలు బయటపెట్టి చూస్తున్నారు.

చివరికి నాన్నమ్మే లేచింది. బొడ్లోంచి పది రూపాయల నోటు తీసి, మెట్లెక్కి, తాత ముందు చాచింది.

"సదువు."

తాత చెయ్యి ఆగింది. మైకు దగ్గరికి వంగాడు.

"హరిశ్చంద్రపురం ఆడపడుచు, జలంత్రకోట కోడలు, శ్రీమతి దమయంతి గారు..."

"ఎవరి పెళ్ళామో అది కూడా సదువు."

"...ఉద్దానం థండర్స్ వరహాలు గారి భార్య, ఈ పాటకి మెచ్చి..."

"మెచ్చేనని ఎవరన్నారు? గొలుసెప్పుడు లాగేవు మావా? తిలారులో దిగి పట్టాలెంట నడిసొచ్చేవని మీ మేనమామ నాకు మన పెళ్ళిలోనే సెప్పాడు. ఆ రెండు జడలదానికోసం నడిసేవనుకున్నాను ఇన్నాళ్ళూ."

మైకు పనిచేస్తోందని ఆవిడ మర్చిపోయింది. ఊరంతా విన్నది. తాతకి ఇంకేం చెయ్యాలో తెలియక, అలవాటు ప్రకారం గిటారు మీద ట్రుంయ్‌మనిపించాడు. పాట అయిపోయింది. మా పెదతాత మన్మథరావు ముందుగా చప్పట్లు కొట్టాడు, తన పేరు ఇంకా రావాలి కదా.

ఎడమ చేతికి ఆపరేషన్ అయింది. తాత మాటిచ్చినట్టే ఎర్ర గిటారు అటకెక్కింది. కుట్లు మానాక ఒకరోజు తాత మనవరాలినని నన్ను పిలిచి, మోచెయ్యి దగ్గర మచ్చ చూపించాడు.

"ఒలే గుంటా, సెవ్వొగ్గి ఇను."

చెవి ఆనించాను. లోపల కలిపి కుట్టిన నాళంలో రక్తం గుర్రుమంటోంది. అచ్చం అప్పలరాజు ఆంప్లిఫయరే.

"కరెంటు అక్కర్నేదు, సదివింపులు అక్కర్నేదు," అన్నాడు తాత గొప్పగా. "సూసేవా, రాక్ నన్ను ఒదల్నేదు."

నాన్నమ్మ పిక్కలు చెరగడం ఆపి వచ్చింది. ఆ జీడి మరకల చేతిని పమిటకి తుడుచుకుని మచ్చ మీద పెట్టి ఆ గుర్రుని పట్టి చూసింది.

"దీన్ని ఆపమని నానడగను," అంది. "నువ్వు మాత్రం పాడకు."