తొమ్మిదో పరికరం

రాష్ట్రం విడిపోయిన నాలుగో ఏట, ఫిబ్రవరిలో, నన్ను ప్రొద్దుటూరులోని పరికరాల పరీక్షా విభాగానికి సాంకేతికాధికారిగా వేశారు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. జమ్మలమడుగు, పులివెందుల కూడా నా పరిధే. తూకం యంత్రాలు, శీతల గదుల ఉష్ణమాపకాలు సరిగా చూపుతున్నాయో లేదో పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వడం పని. ఎవరేం చెప్పినా కొలిచి చూడనిదే రాయడన్న పేరు నాకుండేది. ఆ పేరు ఎంతవరకు నిజమో పులివెందులలో తెలిసింది.

అక్కడ రైతుల సంఘమొకటి అరటికాయ మాగబెట్టే గదులు నాలుగు నడిపేది. గదికి రెండు సెన్సర్లు. ఒకటి వేడిని కొలుస్తుంది, రెండోది కాయ వదిలే బొగ్గుపులుసు వాయువును. ఎనిమిదింటి తీగలూ అరచేతిలో పట్టే ఒక బోర్డు కంప్యూటర్‌కు యూఎస్‌బీ ద్వారా చేరతాయి. గది వేడెక్కితే చల్లబరిచే యంత్రాన్ని ఆడించేది ఆ బోర్డే. దానికి నాలుగు పోర్టులే ఉన్నందున, ఒక పోర్టును ఏడు చేసే హబ్ తగిలించారు.

ఏప్రిల్‌లో ఒక పగలు మూడో గది సెన్సర్లు రెండూ బోర్డుకు కనిపించకుండా పోయాయి. చల్లబరిచే యంత్రం ఆగింది. గదిలోని కాయంతా ఉడికి నల్లబడింది. అంతకు ముందు కూడా కొన్నిసార్లు అవి తెగి మళ్లీ వచ్చాయట. పగటి ఆపరేటరు యేసురత్నం ఫోన్ చార్జింగ్ కోసం సెన్సర్ తీగలు పీకుతున్నాడని మేనేజరు సుబ్బరాయుడు తేల్చాడు. సంఘం అతన్ని పక్కన పెట్టి, యంత్రంలో లోపముందో లేదో చెప్పమని మా ఆఫీసుకు రాసింది. లోపం లేదని నేను రాస్తే అతని ఉద్యోగం పోతుంది. ఉత్తరంలో సంగతి అంత సూటిగానే ఉంది.

మా పద్ధతి ప్రకారం తనిఖీ తేదీని వారం ముందే తెలియజేసి వెళ్లాను. బోర్డు ఉన్న బల్ల అద్దంలా ఉంది. రోజంతా కొలిచాను. ఎనిమిది సెన్సర్లలో ఒక్కటీ తెగలేదు. పాత రీడింగులు తిరగేస్తే, తెగిన ప్రతిసారీ యేసురత్నం డ్యూటీలోనే. బోర్డు తన ఇబ్బందులను రాసుకునే లాగ్ ఒకటుంటుంది. దుమ్ము తుడవడానికి పొద్దున్నే కరెంటు తీశామన్నారు. ఈ బోర్డులో కరెంటు తీస్తే లాగ్ చెరిగిపోతుంది. ఆ మాట రిపోర్టులో రాయవలసింది, రాయలేదు. పరికరంలో లోపం కనిపించలేదు, మానవ ప్రమేయం కావచ్చు అని రాసి సంతకం పెట్టాను.

పది రోజులకు యేసురత్నం ప్రొద్దుటూరు ఆఫీసుకు వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఐటీఐ చదివినవాడు. వాదించలేదు. తనను తీసేసే మీటింగు వచ్చే సోమవారమని చెప్పి, నిలబడే అన్నాడు:

"సార్, ఒక్కసారి చెప్పకుండా రాండి. మీరొస్తాండారంటే ఆడ అంతా సర్దేస్తారు."

ఏం సర్దేస్తారని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్తే నా మాటయితాది. మీరు చూస్తే మీ మాటయితాది."

గురువారం జమ్మలమడుగులో తూకాల పని ముగించుకుని పులివెందుల దారి పట్టాను. వెళ్లాలని లేదు. నా సంతకమున్న కాగితం తప్పేమో చూడటానికి ఆ ఎండలో బస్సులు మారి పోవడం ఎవరికీ ఉత్సాహమిచ్చే పని కాదు.

ఈసారి బోర్డు పక్కన వెంకటేశ్వరస్వామి పటం ఉంది. పటం చుట్టూ చిన్న బల్బుల దండ వెలుగుతోంది. దండ తీగ నేరుగా హబ్‌లోకి పోయింది. ఉగాదికి కొన్న దండట. సుబ్బరాయుడు పొద్దున ఆఫీసు తెరవగానే వెలిగించి, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆర్పుతాడు; అంటే సరిగ్గా యేసురత్నం డ్యూటీ వేళల్లో. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే పటమూ దండా బీరువాలోకి వెళ్తాయి. ఆఫీసరు ముందు బల్ల ఖాళీగా ఉండటం అక్కడి మర్యాద.

ఆ బోర్డు తన పోర్టులన్నిటికీ కలిపి ఇవ్వగలిగేది ఒక ఆంపియరుకు కొంచెం పైన, అంతే. హబ్ రంధ్రాలను పెంచుతుంది గాని కరెంటును పెంచదు. మధ్యలో మీటరు పెట్టి చూశాను. వాయువు సెన్సర్లలో చిన్న హీటర్లుంటాయి. నాలుగూ ఒకేసారి వేడెక్కితే ఎనిమిది సెన్సర్లే దాదాపు ఒక ఆంపియరు లాగుతున్నాయి. తొమ్మిదోదిగా దండ చేరేసరికి హద్దు దాటి, వోల్టేజి పడి, హబ్‌లో దండ పక్కనే ఉన్న మూడో గది సెన్సర్లు రాలిపోతున్నాయి. దండ మూడుసార్లు తీశాను, మూడుసార్లు పెట్టాను. ఫలితం మారలేదు. లాగ్‌లోనూ అదే ఉంది.

"ఏంది సార్, స్వామి దీపానికే పడిపోతాదా ఇంత మిషను?" అన్నాడు సుబ్బరాయుడు. ఆయన చేతనే మరోసారి వెలిగించాను. తెర మీద మూడో గది అంకెలు మాయమయ్యాయి. ఆయన రిపోర్టులో దీపమని కాక వైరింగని రాయమని కోరాడు. కొలిచింది రాస్తానన్నాను.

యేసురత్నాన్ని పిలిపించి, మొదటే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"దేవుని దీపంతోనే పోతాండాదని నేనంటే ఎట్ల వినపడ్తాది సార్? మాది చర్చి ఇల్లు."

"నన్నడిగింటే నేనే తీసేసింటి గదప్పా," అన్నాడు సుబ్బరాయుడు.

"అడుగుదామని రెండుసార్లు వచ్చినా సార్. మీరు కండ్లు మూసుకోని దండం పెట్టుకుంటాండ్రి."

సుబ్బరాయుడు దండ తీగను తనే హబ్ నుంచి పీకాడు.

రెండో రిపోర్టు మొదటి వాక్యంలోనే నా మొదటి రిపోర్టు రద్దని రాశాను. సోమవారం సంఘం యేసురత్నాన్ని తిరిగి పనిలోకి తీసుకుంది. సొంతంగా కరెంటు తీసుకునే హబ్ తెప్పించారు. దండ గోడ ప్లగ్గుకు మారింది. యేసురత్నం నాకు కృతజ్ఞతలు చెప్పలేదు; చెప్పవలసిన పనీ లేదు.

మొదటిసారి నేను కొలిచింది నాకోసం సర్దిపెట్టిన బల్లను. ఆ తర్వాత మిగిలిన సర్వీసులో ప్రతి రిపోర్టుకూ ఒక వాక్యం చేర్చాను: తనిఖీ ముందుగా తెలియజేసి చేసినదా, కాదా అని. అంతకు ముందు ముప్పై ఏళ్లు తేదీ చెప్పి వెళ్లి సంతకం పెట్టిన కాగితాలు చాలా ఉన్నాయి. వాటి వల్ల ఎవరి ఉద్యోగం పోయిందో నేను తిరిగి చూడలేదు. ఇతర ఆఫీసుల్లోని ఆ ఫైళ్లు తెరిపించే వ్యవధీ, అధికారమూ అప్పటికి నాకు లేవు.