ఊ కొట్టని వాడ

మొన్న మడికొండలో కొత్తగా కట్టిన హాల్లో ఏదో సభ ఉందంటే మనవరాలు నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. స్వేచ్ఛ గురించి వ్యాసాలు రాస్తే చాలదనీ, మనిషి కష్టం మీద మరొకరి పెత్తనం చెల్లదని కథల్లో చెబితేనే జనం మనసుకు ఎక్కుతుందనీ ఒక అబ్బాయి చక్కగా మాట్లాడుతున్నాడు. అతను వాక్యం ముగించి ఆగినప్పుడు నాకు తెలియకుండానే 'ఊ' అన్నాను. ముందు వరుసలో ఫోను చూసుకుంటున్న అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను వింతగా చూసింది.

మన వయసువాళ్లకు చెప్పనక్కర లేదు, ఊ కొట్టే మనిషి లేకపోతే కథ ముందుకు నడవదు. వరంగల్లులో మా మగ్గాల వాడలో శనివారం భజన అయ్యాక మా మేనమామ పురాణ కథలు చెప్పేవాడు. స్తంభంలోంచి వెలసిన స్వామి ఎవరి అనుమతీ అడగలేదని ఆయన నమ్మకం, ఈనాటికీ నాదీ అదే. ఆ రోజుల్లో నేసిన ప్రతి చీరా తన చేతుల మీదుగానే అమ్మాలని వాడ పెద్దమనిషి కట్టడి పెట్టాడు. ఒక శనివారం మామయ్య కథలో రాక్షసరాజు, 'నన్నడగకుండా నా రాజ్యంలో ఏ మగ్గమూ ఆడకూడదు' అని శాసించాడు. "గా రాక్షసుడు మన గల్లీలనే తిరుగుతాండు మామా!" అని ఎవరో అరిస్తే అందరూ విరగబడి నవ్వారు. పెద్దమనిషి కూడా నవ్వాడు.

మర్నాడు ఆయన చెప్పిన తీర్పు వినడానికి ఎంతో మెత్తగా ఉంది. "నోరు కట్టేసుడెందుకు? చెప్పుకోనీయుండ్రి. అందరు వచ్చి కూసోండ్రి. ఊ అన్నోళ్ల మగ్గం మాత్రం ఆడదు."

ఇక ప్రతి శనివారం వాడంతా వచ్చి పెదవులు బిగించుకుని కూర్చునేది. మామయ్య ఒక మాట చెప్పి, అలవాటు కొద్దీ ఆగి, ముఖాల వంక చూసేవాడు. ఆ ఎదురుచూపు వారం వారం పెరుగుతూ పోయింది. ఒకనాడు కంఠతా వచ్చిన కథే మరిచిపోయి, చిడతలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడు ఆడవాళ్ల మధ్యలోంచి మా అమ్మ లేచింది. "ఊ... చెప్పు అన్నా, తర్వాతేమైంది?"

తెల్లవారేసరికి మా మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగు పోగులను అడ్డంగా కోసేశారు. సగం నేసిన చీర వేలాడుతోంది. నాన్న తెగిన పోగులు అమ్మ ఒళ్లో పడేసి, "తీస్కో, ఇగ దినాం ఊ కొట్టుకుంట కూసో" అన్నాడు. సంగతి తెలిసి వచ్చిన మామయ్య గడప దాటలేదు. "నా కథకు నీ పడుగు బలి వద్దు చెల్లె" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత పోయేదాకా ఆయన కథ చెప్పలేదు.

మామయ్య పెద్దకర్మ నాడు పెద్దమనిషి వచ్చాడు. మన వాడకు ఆయన పెట్టని ఆభరణమంటూ మొదలుపెట్టి, ఒక మాట చెప్పి ఆగాడు. అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ విస్తరాకు కుట్టుకుంటూ తలెత్తలేదు. ఆయన మరో మాట చెప్పాడు, మళ్లీ ఆగాడు. ఎవరూ ఊ అనలేదు. మూడో మాట సగంలోనే ఆపి, మంచినీళ్లు అడిగి తాగి, చెప్పులు వేసుకున్నాడు.

ఇప్పుడు ఎవరు ఏ కథ చెప్పినా పడుగు కోసేవాడు లేడు. అది స్వామి దయే, కాదనను. కాని ఆ హాల్లో అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటుంటే, పాపం ఆ అబ్బాయి వాక్యం వాక్యానికీ ఆగి, అచ్చం మా మామయ్యలాగే ముఖాలు వెతుక్కున్నాడు. కనీసం ఆనాటి మౌనానికి ఒక కత్తైనా కావలసి వచ్చింది.